సినిమా హాల్లో నోటి మీద వేలు

డబ్బిచ్చి మరీ థియేటర్‌కు పోయి సినిమా చూడటమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం. ఈ మాట అన్నప్పుడల్లా మా ఆయన నా వైపు అదోలా చూస్తాడు. పెళ్లయిన కొత్తలో వారం వారం సినిమాకు తీసుకుపొమ్మని ప్రాణం తోడేసింది ఈ మనిషేనా అన్నట్టు. ఆ మనిషినే. అప్పుడు బుద్ధి లేదు, ఇప్పుడు కాస్త వచ్చింది. బుద్ధి రావడానికి కూడా చాలా టికెట్లు చింపాల్సి వచ్చింది.

నేను సూరత్‌లో తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మను. పుట్టి పెరిగింది లింబాయత్ గల్లీల్లో, ఇప్పుడు ఉంటున్నది పర్వత్ పాటియాలో. ఇంట్లో మా ఆయన, పదహారేళ్ల కూతురు, మా బాపు, అంటే మా నాన్న. మా ఆయనకు బట్టల మార్కెట్లో చీరల దుకాణంలో పని. వారానికి ఆరు రోజులు నలభై మంది పిల్లల్ని 'నోటి మీద వేలేసుకోండి' అని అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయి ఉంటుంది. అలాంటిదాన్ని ఏడో రోజు కూడా తీసుకుపోయి మూడొందల మంది నోరు ముయ్యని మనుషుల మధ్య కూర్చోబెడితే నాకెలా ఉంటుందో మీరే చెప్పండి. అదే ఇంట్లో అయితే సోఫా మీద కాళ్లు చాపుకోవచ్చు. పప్పు పొంగితే సినిమా ఆపి పోవచ్చు. హీరో మరీ ఎక్కువ చేస్తే వాణ్ని ముందుకు తోసెయ్యొచ్చు. హాల్లో వాణ్ని ఏం చెయ్యగలం, భరించడం తప్ప.

అట్లాగని పాత హాళ్ల గురించి కన్నీళ్లు పెట్టుకునే రకాన్ని కూడా కాను. నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున ఒక రేకుల హాల్లో తెలుగు సినిమా వేసేవాళ్లు. సాంచాల మీద పనిచేసే తెలుగోళ్లంతా అక్కడే. మరమగ్గాలను మా వాళ్లు సాంచాలంటారు. బీడీ పొగలో తెర సగమే కనిపించేది, కుర్చీల్లో నల్లులు, రీలు తెగితే ఈలలు. అమ్మ నా తలకు గుడ్డ కట్టి తీసుకుపోయేది, తిరిగొచ్చాక ఆ గుడ్డను వేడినీళ్లలో వేసేది. అదీ నరకమే. కాకపోతే అది నరకమని అందరికీ తెలుసు, ఎవరూ దానికి తివాచీ పరిచి, సెంటు కొట్టి, మన చేత నమస్కారం పెట్టించుకునేవాళ్లు కాదు.

ఇంత తెలిసిన నేను మొన్నీమధ్య ఒక ఆదివారం మళ్లీ హాలుకు పోయాను. మా బాపు అడిగాడు కాబట్టి పోయాను.

మా బాపు నలభై ఏళ్లు సాంచాల మీద బతికాడు. ఎనిమిది సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడేవాడు. ఆ మోత చెవుల్లోనే స్థిరపడిపోయి, ఇంక వేరే శబ్దానికి జాగా లేకుండా చేసింది. అమ్మ పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి మా దగ్గరే ఉంటున్నాడు. సాంచాల వాళ్లకు రెండే గొంతులు. ఒకటి ఆ మోతను మించి అరిచే గొంతు, రెండోది అసలు గొంతే లేకుండా పెదవులు ఆడించే గొంతు. బయటికొచ్చాక మా బాపుకు మొదటిదే మిగిలింది. మెల్లగా మాట్లాడుతున్నాననుకుంటూ ఆయన 'జర మంచినీళ్లియ్యి బిడ్డా' అంటే పై అంతస్తులో ఉన్న గుజరాతీ ఆవిడ నీళ్ల మోటారు ఆపేస్తుంది. చెవి మిషను కొనిచ్చాం. రెండు రోజులు పెట్టుకొని తీసేశాడు. ఫ్యాన్ తిరిగితే మళ్లీ సాంచాల్ల నిలబడ్డట్టుంది, ఇంక ఆ నౌకరీ నాతోటి కాదన్నాడు. అది ఇప్పుడు అల్మారాలో, డబ్బాలో, హాయిగా ఉంది.

ఒక బుధవారం సిటీ బస్సు వెనక అంటించిన పోస్టర్ చూసొచ్చి అడిగాడు. "బిడ్డా, మన సినిమా వచ్చిందట. ఒక్కపారి పెద్ద తెర మీద సూస్తె బాగుండు. టీవీల మొకాలు మరీ శిన్నగ కనవడ్తయి."

నేను నవ్వి ఊరుకున్నాను. మొహాలు పెద్దగా కనిపిస్తే ఏం చేసుకుంటాడు, మాట వినపడాలి గానీ. ఆయన మళ్లీ అడగలేదు. అడగకుండానే రెండు రోజులు అన్నం సగం తిని లేచాడు. అలిగినప్పుడు మా బాపు చేసే పని అదొక్కటే.

శనివారం పొద్దున వంటింట్లో మా ఆయన ఆ సంగతి ఎత్తాడు. బాపు వంటింటి గడప దగ్గర పీట మీద కూర్చొని వెల్లుల్లి పొట్టు తీస్తున్నాడు, మాకు ఎదురుగానే.

"పోదాం తియ్యే. మామ నోరు తెరిసి ఎన్నడన్న ఏమన్న అడిగిండా," అన్నాడు మా ఆయన.

"చెవిటోని ముందట శంఖం ఊదినట్టే అయితది," అన్నాను నేను, పోపు వేస్తూ. "ఏం ఇనవడ్తదని సినిమా? ఊకె టికెట్ దండుగ. పైకెల్లి అందరి నడుమల గట్టిగ ఒర్రుతడు. ఉన్న ఇజ్జత్ తీస్తడు. నాకైతే సిగ్గయితది."

"నీకు సిగ్గు ఎక్కువ," అన్నాడు మా ఆయన.

బాపు ఒకసారి తలెత్తి నా వైపు చూశాడు. వెల్లుల్లి అడుగుతున్నాననుకున్నాడేమో, పొట్టు తీసిన రెబ్బలన్నీ గిన్నెలో వేసి నా వైపు జరిపాడు. మళ్లీ వంగి ఇంకో గడ్డ తీసుకున్నాడు. ఆయన ముందే ఆయన గురించి మాట్లాడుకోవడం మాకు అలవాటైపోయింది. వినపడని మనిషి ముందు గొంతు తగ్గించుకోవాల్సిన పనేముంది అనుకునేదాన్ని. లోపలి గదిలోకి పోయి తలుపేసుకొని మాట్లాడుకునే ఇళ్లకంటే మాది ఎంతో సుఖమని కూడా అనుకున్నాను.

చివరికి కూతురు గెలిచింది. ఫోన్‌లో నాలుగు సీట్లు పట్టేసి, "మమ్మీ, హో గయా, కాల్ బపోరే జవానూ ఛే," అని మూడు భాషల్లోనో రెండు భాషల్లోనో ప్రకటించింది. రేపు మధ్యాహ్నం పోవాలని దాని అర్థం. సూరత్‌లో తెలుగు సినిమాకు తెలుగులో ఆట దొరకడం అంత తేలిక కాదు. ఊరంతటికీ ఒక హాల్లో, ఒకే ఆట వేస్తారు. హజీరా ఫ్యాక్టరీల్లో ఇంజనీర్లు, లింబాయత్ సాంచాల వాళ్లు, భేస్తాన్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చేవాళ్లు, అందరూ దాని కోసమే కొట్టుకోవాలి. కొట్టుకోవడానికి సరిపడా మంది రాకపోతే ఆ ఆట ఎత్తేస్తారు. మాకూ అదే జరిగింది. ఆదివారం పొద్దున ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, తెలుగు ఆట లేదు, అదే సినిమా హిందీలో చూసుకోండి, సీట్లు అవే అని.

"ఇగ మానుకుందాం," అన్నాను ఆశగా.

"తాతకు ఏం చెప్పాలి?" అంది కూతురు.

బాపు అప్పటికే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకొని, తలకు నూనె రాసుకొని, భుజాన తువ్వాలుతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆట పన్నెండింటికి. అప్పుడు టైము ఎనిమిది.

"ఏం చెప్పుడెందుకు," అన్నాను. "తెలుగయితేంది హిందీ అయితేంది, బాపుకు రెండు ఒకటే. ఏదీ ఇనవడది." ఆయన ఎదురుగానే అన్నాను. ఆయన తువ్వాలు సర్దుకున్నాడు.

ఇక ఆ రాజభవనం. అది మాల్‌లో నాలుగో అంతస్తు. కింది గేటు దగ్గరే సంచి తెరిపించారు. రాత్రి కూర్చొని చేసిన సకినాలు, రెండు సీసాల నీళ్లు, బాపు తంబాకు డబ్బీ, అన్నీ బల్ల మీద పరిచి, నేనేదో దొంగ సరుకు తెచ్చినట్టు చూశాడు కాపలావాడు. సకినం ఒకటి చేతిలోకి తీసుకొని ఇటూ అటూ తిప్పి, "యే క్యా హై?" అన్నాడు. తినేది అన్నాను. బయటి తిండి లోపలికి రాదన్నాడు. బయటి తిండి కాదయ్యా, ఇంటి తిండే అన్నాను. వాడికి నా చమత్కారం నచ్చలేదు. సకినాలు అక్కడే ఆగిపోయాయి. వచ్చేటప్పుడు చూస్తే పొట్లం సగమయింది, అది వేరే సంగతి.

కదిలే మెట్ల దగ్గర బాపు భయపడతాడేమోనని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి విడిపించుకొని, ఆ మెట్టు కదిలే తీరు ఒక్క క్షణం చూసి, సరిగ్గా అడుగు వేసి పైకి పోయాడు. నలభై ఏళ్లు తిరిగే పట్టాల మధ్య బతికిన మనిషికి అదెంత. భయపడింది మా ఆయన. కింద నిలబడి మూడుసార్లు కాలు పెట్టి మూడుసార్లు తీశాడు. వెనక జనం ఆగిపోయారు. ఆఖరికి మామూలు మెట్లెక్కి రొప్పుకుంటూ వచ్చి, వ్యాయామం మంచిదే అన్నాడు.

పాప్‌కార్న్ ధర గురించి నేనేమీ అనను. దాని గురించి లోకమంతా అనేసింది. ఇంట్లో గుప్పెడు మొక్కజొన్నలు వేయిస్తే చేటెడు అయ్యే సరుకును బంగారంలా పట్టుకొని పోయే జనాన్ని చూస్తే మాత్రం జాలేసింది. ఆ జనంలో నా కూతురు కూడా ఉంది.

లోపల కూర్చోగానే నేను చేసిన మొదటి పని ఇది. బాపు వైపు తిరిగి, కళ్లు పెద్దవి చేసి, నా పెదవుల మీద వేలు పెట్టుకొని చూపించాను. బళ్లో మొదటి వరుసలో కూర్చున్న పిల్లకు చూపించినట్టే చూపించాను. ఆయన తలూపాడు. భుజం మీది తువ్వాలు తీసి మెడ చుట్టూ వేసుకొని కూర్చున్నాడు. హమ్మయ్య అనుకొని నేను కుర్చీకి ఆనుకున్నాను. ఆ కుర్చీ బొత్తాం ఏదో నొక్కుకుపోయి నన్ను వెల్లకిలా పడుకోబెట్టింది. ముందు వరుసలో ఒకాయన తలను నా కాళ్లు పలకరించాయి. ఆయన వెనక్కి తిరిగి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది.

ప్రకటనలు అరగంట నడిచాయి. నగల ప్రకటన, ఫ్లాట్ల ప్రకటన, మళ్లీ నగల ప్రకటన. టీవీలో ఇవే వస్తే కట్టేస్తాం, ఇక్కడ టికెట్ కొని చూస్తాం. ఆ తర్వాత సినిమా మొదలైంది. మొదలైన పది నిమిషాలకు అసలు జనం రావడం మొదలైంది. ఒక్కొక్కరూ ఫోన్ దీపం వేసుకొని, అది మా కళ్లలో కొట్టుకుంటూ, మా మోకాళ్లు తొక్కుకుంటూ పోయారు. నా పక్క సీట్లోకి ఒక ఆంటీ వచ్చింది. కూర్చోగానే చెల్లెలికి ఫోన్ చేసి, తెర మీద ఏం జరుగుతుందో గుజరాతీలో వినిపించడం మొదలుపెట్టింది. "హవే ఏ మరీ జశే," అంది ఒకచోట, ఇప్పుడు వాడు చచ్చిపోతాడని. వాడు నిజంగానే చచ్చిపోయాడు. ఆమె ఆ సినిమా అంతకుముందే చూసిందని అప్పుడు తెలిసింది.

వెనక సీటు పిల్లవాడు నా వీపును తబలా చేశాడు. ముందు ఒకడు కాళ్లు ఎత్తి ముందు సీటు మీద పెట్టుకున్నాడు, వాడి మేజోళ్ల వాసన నాలుగు వరుసల దాకా వచ్చింది. ఇంకొకడి ఫోన్ మోగింది, వాడు తీసి, "హాలులో ఉన్నాను, చెప్పు," అన్నట్టు హిందీలో అని, అవతలివాడు చెప్పిందంతా విని, సూది దారం నుంచి సరుకు లారీ దాకా జవాబు చెప్పాడు. ఏసీ ఎంత చల్లగా ఉందంటే, బాపు తువ్వాలును నోటిదాకా లాక్కొని, రెండు చేతులతో నోటికి అదిమి పట్టుకొని కూర్చున్నాడు. పాపం, చలేస్తోందనుకున్నాను. లేచి పోదామా అని చేత్తో అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు, కళ్లు తెర మీదినుంచి తియ్యలేదు.

సినిమాలో హీరో కథ ఇదీ. ఆయన పిల్లనిచ్చే మామకు దొరక్కుండా పిల్లను కలవాలి. పక్కన ఒక హాస్యగాడు. ఇద్దరూ పిల్ల ఇంట్లో దూరి, మామ కారు చప్పుడు విని దాక్కోవడానికి చోటు వెతుకుతున్నారు. ఆ సీను మంచి ఊపులో ఉండగా హాల్లో శబ్దం ఆగిపోయింది. బొమ్మ నడుస్తోంది, మాట లేదు. ఇంక చూడండి. ఈలలు, కేకలు, కుర్చీల మీద చరుపులు. "అవాజ్! అవాజ్!" అని హాలు హాలంతా లేచి నిలబడింది. పక్క ఆంటీ ఫోన్‌లో చెల్లెలికి, శబ్దం పోయిందని పెద్దగా చెప్పింది. అవతలామెకు మాత్రం అంతా వినపడుతూనే ఉండి ఉంటుంది.

అప్పుడు కూతురు నా భుజం తట్టింది. "మమ్మీ, తాత హస్ రహే హై."

చూశాను. బాపు భుజాలు కదులుతున్నాయి. తువ్వాలు నోట్లో కుక్కుకొని, కళ్లలో నీళ్లు కారుతుండగా నవ్వుతున్నాడు. తెర మీద హాస్యగాడు ఏదో అన్నాడు, బాపు నవ్వు ఇంకా ఎక్కువైంది. శబ్దం పోయిన సంగతి ఆయనకు తెలియదు. హాలంతా లేచి గొడవ చేస్తుంటే ఆయనొక్కడే కూర్చొని సినిమా చూస్తున్నాడు. మా ముందు వరుసలో ఉన్నవాళ్లు తిరిగి ఆయన వైపు చూడటం మొదలుపెట్టారు. నేను భయపడ్డది ఇదే. చెవిటివాడని తెలిసిపోయింది, ఇక నవ్వుతారు అనుకున్నాను.

కూతురు మాత్రం తాత మోకాలు తట్టి, "ఏమంటున్నరు తాత వాళ్లు?" అని అడిగింది.

బాపు దాని మొహం చూశాడు, అడిగింది తెలిసింది. జవాబు చెప్పబోయి ఆగి, నా వైపు తిరిగాడు. నీళ్లు తాగడానికి పోనా అని మా బళ్లో పిల్లలు అడిగేటప్పుడు చూస్తారే, ఆ చూపు చూశాడు. అప్పుడాయన తువ్వాలు కొద్దిగా కిందికి దించి, గొంతు లేకుండా, పెదవులు బాగా సాగదీసి మనవరాలికి చెప్పాడు. అది నాకూ అర్థమైంది. చిన్నప్పుడు అమ్మతో పాటు అన్నం టిఫిను తీసుకొని సాంచాల కార్ఖానాకు పోయినప్పుడు అమ్మా బాపూ మోతలో ఈ చివరినుంచి ఆ చివరికి ఇట్లాగే మాట్లాడుకునేవాళ్లు. దారం తెగింది, సేటు వస్తున్నాడు, పిల్లకు జ్వరం తగ్గిందా, అన్నీ పెదవులతోనే. నేనూ ఆ భాషలో పెరిగిన పిల్లనే.

బాపు చెప్పింది ఇది. "మంచం కింద దాస్కొమ్మంటె, ఆడ జాగ లేదు, మా నాయిన ముందే ఉన్నడు అంటుండు వాడు."

కూతురు పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. హాల్లో శబ్దం ఉన్నంతసేపూ మా అందరికీ హిందీ వినిపించింది. తెర మీది మనుషుల పెదవులు మాత్రం తెలుగే మాట్లాడుతున్నాయి. ఆ హాల్లో తెలుగు సినిమా చూస్తున్నది మా బాపు ఒక్కడే. టీవీలో మొహాలు చిన్నగా కనిపిస్తాయని ఆయన ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది. ఇక్కడ ఒక్కొక్క పెదవి మా ఇంటి గడపంత ఉంది.

ఆ వెంటనే ఇంకోటి తెలిసింది. తెర మీది పెదవులు చదివే మనిషి వంటింట్లో పెదవులు చదవకుండా ఉంటాడా? నేను ఆయనకు మూడడుగుల దూరంలో, ఆయన మొహం ఎదురుగా, పోపు వేస్తూ అన్న మాటలు. శంఖం. దండుగ. ఇజ్జత్. సిగ్గు. ఆయన తలెత్తి చూసి వెల్లుల్లి రెబ్బలు గిన్నెలో వేసింది గుర్తొచ్చింది. తువ్వాలు ఎందుకు నోట్లో కుక్కుకున్నాడో కూడా తెలిసింది. చలికి కాదు. నవ్వొస్తే గొంతు బయటపడుతుందని, నేను సిగ్గుపడతానని.

శబ్దం వచ్చింది. జనం చప్పట్లు కొట్టి కూర్చున్నారు. నాకు మిగతా సినిమా కనిపించలేదు, వినిపించలేదు. నాలుగేళ్లలో ఆ మనిషి ఎదురుగా నేను ఏమేమి అన్నానో వెతుక్కుంటూ కూర్చున్నాను. ఆయన మందుల గురించి అన్నది. పక్కింటివాళ్లతో చేతులు తిప్పుతూ ఆయన గొంతును వెక్కిరించింది. దీపావళికి వచ్చిన మా అన్న భార్యతో, ఎన్నాళ్లని నేనొక్కదాన్నే చూసుకోవాలి అన్నది. అప్పుడు ఆయన మా ఎదురుగానే కూర్చొని అరిసె తింటున్నాడు. ఆ అరిసె సగంలో వదిలేశాడు. పళ్లు నొస్తున్నాయేమో అనుకున్నాను నేను. సాంచాల మధ్య పెరిగి, సాంచాల వాళ్ల పిల్లలకే పాఠాలు చెబుతూ, ఆ సంగతే మరిచిపోయిన దాన్ని నేను. నన్ను మించిన తెలివితక్కువది ఎక్కడా ఉండదు.

ఇంటర్వెల్లో ఆడవాళ్ల టాయిలెట్ ముందు వరస మెట్ల దాకా ఉంది. మామూలుగా అయితే దాని మీద ఒక అరగంట తిట్టేదాన్ని. ఆ రోజు బుద్ధిగా నిలబడి ఏడ్చి, మొహం కడుక్కొని వచ్చాను.

సినిమా అయిపోయాక మాల్ ముందున్న వంతెన కింద ఆటో కోసం నిలబడ్డాం. ఆదివారం మధ్యాహ్నపు రద్దీ, హారన్లు, బస్సులు, పక్కన పానీపూరీ బండి చుట్టూ జనం. బాపు మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"మామా, సినిమా ఎట్లుంది?" అని మా ఆయన చేత్తో అడిగాడు.

ఇప్పుడు రోడ్డు మీదున్నాం కాబట్టి బాపు తన మొదటి గొంతు తీశాడు. "మంచిగుంది అల్లుడా. ఆ పిల్లనే, అదే హీరోయిన్, మాట్లాడ్తలేదు. తండ్రి సచ్చిపోయిన కాడ ఏక్ దో తీన్ చార్ అనుకుంట ఏడ్చింది. పది దాక లెక్కవెట్టి మళ్ల మొదలువెట్టింది."

మా ఆయనా కూతురూ నవ్వి నవ్వి వంగిపోయారు. ఆ సీనులోనే పక్క ఆంటీ ముక్కు చీదుకుంటూ నా చీర కొంగు పట్టుకుంది, హాలంతా ఏడ్చింది. తెలుగు రాని హీరోయిన్ పెదవులాడిస్తూ చెప్పిన అంకెలకు ఏడ్చారన్నమాట.

బాపు నా వైపు తిరిగాడు. నేను నవ్వలేదని చూశాడు. "ఏంది బిడ్డా, గట్లున్నవ్? శంఖం మంచిగనే ఊదిండ్రు," అన్నాడు.

మా ఆయన నవ్వు ఠక్కున ఆగిపోయింది. వంతెన స్తంభం మీద అంటించిన ట్యూషన్ కాగితాన్ని చదవడం మొదలుపెట్టాడు. ఆయనకు గుజరాతీ చదవడం రాదు.

బాపు నాకు ఒక అడుగు దగ్గరగా వచ్చి, గొంతు తీసేసి, పెదవులతో మాత్రమే అడిగాడు. "నీ ఇజ్జత్ తియ్యలె గద?"

ఆయన వెక్కిరించడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. మూడు గంటలు నోట్లో గుడ్డ కుక్కుకొని కూర్చొని, అది సరిగ్గా చేశానా లేదా అని తెలుసుకోవాలనుకుంటున్నాడు. నేనూ పెదవులతోనే అన్నాను, తప్పయింది బాపూ అని.

ఆయన నా పెదవులు పూర్తిగా చదివాడు. చదివినట్టు ఆయన కళ్లలో తెలిసింది. తర్వాత చెయ్యి చెవి వెనక పెట్టుకొని, బస్సు హారన్‌ను మించిన గొంతుతో అన్నాడు.

"గట్టిగ చెప్పు బిడ్డా. చెవిటోన్ని, నాకు ఇనవడది."

పానీపూరీ బండి చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆటో ఒకటి వచ్చి ఆగింది, అతనూ చూస్తున్నాడు. మా బాపు చెవి వెనక చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు, ఎంతసేపైనా నిలబడేట్టున్నాడు. నేను సాంచాల వాళ్ల గొంతు తీసి, రోడ్డు మీద, అందరి మధ్యా అరిచి చెప్పాను.

"ఆఁ, ఇప్పుడు ఇనవడ్డది," అని బాపు ముందుగా ఆటో ఎక్కి, నాకు పక్కన జాగా ఇచ్చాడు.